ఎండకు కందిన పసిబిడ్డ

మార్చి నెల. మిరపకోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. ఒక అత్త, ఒక కోడలు. ఇద్దరూ కూలికి పోతారు. ఇంట్లో రెండేళ్ళ పాపను చూసేవాళ్ళు లేరు. అందుకని పాపను కూడా చేలోకి తీసుకుపోయారు. ఇలాంటి ఇల్లు మీ ఊళ్ళోనూ ఉండే ఉంటుంది. ఉందనుకుందాం.

ఆ పాప బాగా తెల్లటి పిల్ల. వాడలో అందరూ 'దొరసాని' అని ముద్దు చేస్తారు. తల్లి చేని గట్టు మీద వేపచెట్టు కింద పాత చీర పరిచింది. పాపను కూర్చోబెట్టింది. పాప కాసేపు కూర్చుంది. తర్వాత లేచింది. మట్టిలో ఆడింది. అమ్మ వెనకాల సాళ్ళలో తిరిగింది. సాయంత్రం దాకా బాగానే ఉంది.

రాత్రి అన్నం వేళకు బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. మెడ, భుజాలు, చేతులు కూడా ఎర్రబడ్డాయి. చేయి వేస్తే చాలు, గుక్కపట్టి ఏడుస్తోంది.

"దిష్టి తగిలిందే అమ్మాయ్! ఉప్పూ మిరపకాయలూ ఇటు తే" అంది అత్త.

"మధ్యాహ్నం బాగానే ఉంది కదత్తా! చెట్టు కిందే ఆడుకుంది" అంది కోడలు.

దిష్టి తీస్తే తీయండి. నేను వద్దనను. కానీ పాపకు తగిలింది ఎండ. ఎండకు కందిన చర్మం అప్పటికప్పుడు ఎర్రబడదు. కొన్ని గంటలు పోయాక ఎర్రబడుతుంది. మంట రాత్రికి పెరుగుతుంది. అందుకే చేలో ఉన్నంతసేపు తల్లికి ఏమీ తెలియలేదు. ఎర్రబడితే అప్పుడు నీడకు తీసుకుపోదాం అనుకుంటే ఆలస్యం అయిపోతుంది.

ఎండలో ఏముంది?

ఎండలో రెండు ఉన్నాయి. ఒకటి వేడి. రెండోది వెలుగు. ఈ రెండూ బిడ్డను రెండు రకాలుగా దెబ్బతీస్తాయి.

ముందు వెలుగు సంగతి చూద్దాం. ఎండ వెలుగులో కంటికి కనపడని కిరణాలు ఉన్నాయి. వాటిని అతినీలలోహిత కిరణాలు అంటారు. పేరు పెద్దది. ఒకసారి కూడబలుక్కుని చదవండి, వస్తుంది. చర్మాన్ని కాల్చేవి ఈ కిరణాలే.

వీటిని ఆపడానికి మన ఒంట్లోనే ఒక గొడుగు ఉంది. అదే చర్మంలోని నల్లరంగు. దాని పేరు మెలనిన్. చర్మం ఎంత నల్లగా ఉంటే గొడుగు అంత మందంగా ఉన్నట్టు. తెల్లటి పిల్లల గొడుగు పలచన. అందుకే వాళ్ళు తొందరగా కందిపోతారు. మనం నల్లపిల్లను చూసి "అయ్యో, నలుపు" అంటాం. తెల్లపిల్లను చూసి మురిసిపోతాం. కానీ మన పల్నాడు ఎండలో ఆ నలుపే బిడ్డకు కాపుదల. తెల్లపిల్లకు ఆ కాపుదల మనం పైనుంచి ఇవ్వాలి.

ఎండకు పిల్ల నల్లబడుతుందని చాలామంది తల్లులకు దిగులు. నల్లబడటం జబ్బు కాదు. కందిపోవడం, పొక్కడం, వడదెబ్బ తగలడం, ఇవీ భయపడాల్సినవి.

నీడను చూసి ఎండను కొలవండి

చేలో అందరి దగ్గరా గడియారం ఉండదు. ఉన్నా అక్కర్లేదు. మీ నీడను చూసుకోండి. నీడ మీకన్నా పొడుగ్గా ఉందా? ఎండ అంత తీవ్రంగా లేదు. నీడ మీకన్నా పొట్టిగా ఉందా? ఆ ఎండ బిడ్డకు పనికిరాదు. మామూలుగా పొద్దున పది గంటల నుంచి సాయంత్రం నాలుగు దాకా పిల్లల్ని ఎండలో తిప్పకూడదు.

మన ప్రాంతంలో సూర్యుడు ఏడాదికి రెండుసార్లు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఇంకోసారి. ఆ రోజుల్లో మిట్టమధ్యాహ్నం మన నీడ మన కాళ్ళ కిందే ఉంటుంది. మే నెల అంటే అందరికీ భయమే. ఆగస్టు సంగతే మరిచిపోతాం. ఆగస్టులో పత్తి చేలో కలుపు తీస్తుంటాం. మబ్బు పడుతుంది. చల్లగా ఉందని బిడ్డను బయట వదిలేస్తాం. కానీ పలచటి మబ్బు ఆ కిరణాలను పూర్తిగా ఆపదు. వేడి తగ్గినా, కాల్చే వెలుగు వస్తూనే ఉంటుంది.

చెట్టు నీడ మంచిదే. అయితే ఏ చెట్టు? తుమ్మచెట్టు కింద నేల మీద ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ నీడ చాలదు. చింతచెట్టు, రావిచెట్టు, గుబురు వేపచెట్టు మేలు. ఇంకో సంగతి. నీడ ఒక్కచోట నిలవదు. తొమ్మిదింటికి వేసిన ఉయ్యాల పదకొండింటికి ఎండలో ఉంటుంది. మీరు సాలు చివరికి వెళ్ళి తిరిగి వచ్చేసరికి బిడ్డ మొహాన ఎండ పడుతుంటుంది.

అప్పుడు మనం ఏం చేస్తాం? ఉయ్యాల మీద చీర నిండుగా కప్పేస్తాం. వెలుగు ఆగుతుంది. కానీ గాలి కూడా ఆగుతుంది. లోపల వేడి పెరుగుతుంది. బిడ్డ ఉడికిపోతుంది. కప్పొద్దు. ఉయ్యాలనే నీడలోకి మార్చండి. రేకుల షెడ్డు, ప్లాస్టిక్ పట్టా గుడారం కూడా ఇంతే. కర్నూలు వైపు నుంచి మిరపకోతలకు పిల్లాపాపలతో వచ్చే కుటుంబాలు పట్టాలతో గుడారాలు వేసుకుంటాయి. మధ్యాహ్నం ఆ గుడారంలో బయటికన్నా ఎక్కువ ఉక్క. పట్టాను రెండు పక్కలా పైకి ఎత్తి కట్టండి. గాలి ఆడుతుంది.

బట్ట సంగతి

మనం పత్తి పండిస్తాం. చీరాలలో, మంగళగిరిలో నేస్తారు. ఆ నూలు బట్టే మన పిల్లలకు మంచిది. చేతులు, కాళ్ళు నిండుగా కప్పే వదులు చొక్కా, వదులు లాగు కుట్టించండి. కొత్తది అక్కర్లేదు. మీ పాత చీర చాలు. కాకపోతే ఒకటి చూడండి. బట్టను వెలుగుకు ఎత్తి పట్టుకోండి. అవతల వెలుగు జల్లెడలోంచి వచ్చినట్టు కనబడుతోందా? అయితే ఎండ కూడా అలాగే లోపలికి వస్తుంది. నేత దగ్గరగా ఉన్న బట్ట వాడండి.

తలకు టోపీ పెట్టండి. చుట్టూ అంచు ఉన్న టోపీ కావాలి. చెవులు, మెడ వెనక భాగం కూడా నీడలో ఉండాలి. పిల్లలు టోపీ పీకి పారేస్తారు. గడ్డం కింద నాడా కట్టండి. పారేస్తే మళ్ళీ పెట్టండి. నాలుగు రోజులకు అలవాటు పడతారు.

మొహానికి ఏం రాయాలి? కొబ్బరినూనె రాస్తే ఎండ ఆగదు. సన్‌స్క్రీన్ అనే క్రీము ఉంది. ఆరు నెలలు దాటని బిడ్డకు అది రాయకూడదు. ఆ బిడ్డకు నీడ ఒక్కటే దారి. రెండేళ్ళ తెల్లపిల్లకు మొహం మీద, చెవుల మీద, చేతుల మీద రాయవచ్చు. బయటికి పోవడానికి పావుగంట ముందు రాయాలి. రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. కొనేటప్పుడు డబ్బా మీద చదవండి. ఎస్.పి.ఎఫ్. అని ఉంటుంది. పక్కన ఒక అంకె ఉంటుంది. అది 30 గానీ, అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. వాడే గడువు తేదీ కూడా చూడండి. మనకు చదవడం వచ్చింది కదా, కొట్టువాడు ఇచ్చింది తెచ్చుకునే రోజులు పోయాయి.

'తెల్లబడే క్రీము' మాత్రం పిల్లలకు రాయకండి. కొన్నిటిలో స్టెరాయిడ్ అనే మందు కలుస్తుంది. అది చర్మాన్ని పలచన చేస్తుంది. ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని ప్రభుత్వం 2018లో నియమం పెట్టింది.

కందిన తర్వాత

మన పాప దగ్గరికి మళ్ళీ వద్దాం. ఆ రాత్రి ఏం చేయాలి? చల్లటి నీళ్ళలో మెత్తటి బట్ట ముంచి కందినచోట వేయాలి. వేడెక్కితే తీసి మళ్ళీ ముంచి వేయాలి. నీళ్ళు, పాలు ఎక్కువగా తాగించాలి. వదులు బట్టలు వేయాలి. సున్నిపిండి పెట్టి రుద్దకూడదు. పళ్ళపేస్టు పూయకూడదు. నెయ్యి, వెన్న కూడా వద్దు. వేడిని లోపలే పట్టి ఉంచుతాయి. బొబ్బలు వస్తే చిదమకూడదు. బొబ్బలు వచ్చినా, జ్వరం వచ్చినా, బిడ్డ మందకొడిగా ఉన్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఒక మాట మధ్యలో. మిరపకాయలు కోసిన చేత్తో బిడ్డను తాకితే కందినచోట ఇంకా మంట. ఆ చేయి కంటికి తగిలితే చెప్పేదేముంది! ఉత్త నీళ్ళకు మిరప ఘాటు సరిగ్గా పోదు. ముందు చేతులకు నూనె రాసి తుడవండి. తర్వాత సబ్బుతో కడగండి. అప్పుడు బిడ్డకు పాలివ్వండి.

వేడి ఎవర్నీ వదలదు

ఇప్పుడు వేడి సంగతి. వేడికి తెలుపూ నలుపూ లేవు. అందరి పిల్లలకూ ప్రమాదమే. ఒక్క రోజులో ప్రాణం తీసేది ఇదే.

మన ఊళ్ళు ఎంత వేడో మనకు చెప్పక్కర్లేదు. వేసవి వస్తే రెంటచింతల పేరు పేపర్లో వస్తూనే ఉంటుంది. 2022లో గుంటూరు జిల్లాను విడదీసి పల్నాడు, బాపట్ల జిల్లాలు చేశారు. జిల్లాలు మారినా ఎండ అదే ఎండ. 2015 మే నెలలో వడగాలులు వీచాయి. ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ముసలివాళ్ళు, ఎండలో కూలిపని చేసుకునేవాళ్ళు.

పిల్లలు పెద్దవాళ్ళకన్నా తొందరగా వేడెక్కుతారు. చిన్న గిన్నెలో నీళ్ళు తొందరగా కాగుతాయి కదా, అలాగే. వాళ్ళకు చెమట కూడా తక్కువ పోస్తుంది. పైగా "దాహం" అని అడగడం రాదు. ఊరికే పేచీ పెడతారు. మనం విసుక్కుంటాం. ఎండాకాలంలో పిల్ల పేచీ పెడితే ముందు నీళ్ళు ఇచ్చి చూడండి.

ఒంట్లో నీళ్ళు తగ్గాయని ఎలా తెలుస్తుంది? నోరు ఎండిపోతుంది. ఏడుస్తుంది గానీ కన్నీళ్ళు రావు. ఉచ్చ తక్కువగా, బాగా పచ్చగా పోస్తుంది. కళ్ళు లోపలికి పోతాయి. ఈ గుర్తుల దగ్గరే మేలుకోవాలి.

ఆరు నెలలలోపు బిడ్డకు ఎంత ఎండాకాలమైనా తల్లిపాలే చాలు. నీళ్ళు పట్టక్కర్లేదు. మాటిమాటికీ పాలివ్వాలి. తల్లే నీళ్ళు ఎక్కువ తాగాలి. రెండేళ్ళ పిల్లకు అరగంటకోసారి నాలుగు గుక్కలు నీళ్ళు పట్టండి. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ, గంజి, రాగిజావ, కొబ్బరినీళ్ళు అన్నీ మంచివే. తాటిముంజలు చిన్న ముక్కలు చేసి పెట్టండి. మొత్తం పెడితే గొంతుకు అడ్డం పడుతుంది. రంగు సోడాలు వద్దు. పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా సరే, అందులో మంచినీళ్ళు తేవద్దు.

ఓ.ఆర్.ఎస్. పొడి ఆశా కార్యకర్త దగ్గర దొరుకుతుంది. పెద్ద ప్యాకెట్ అయితే లీటరు నీళ్ళలో మొత్తం కలపాలి. చిన్న ప్యాకెట్లూ ఉన్నాయి. ఎన్ని నీళ్ళో ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది. పొడి లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా. తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

ఇక్కడా చదువు పనికొస్తుంది. కొట్లలో ఓ.ఆర్.ఎస్. అనే పేరుతో తియ్యటి పానీయాలు అమ్మేవారు. అవి నిజమైన ఓ.ఆర్.ఎస్. కాదు. పంచదార ఎక్కువ. హైదరాబాదులో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ళ తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆదేశించింది. ఒక ఆడమనిషి పట్టిన పట్టు ఇది.

ఇక వడదెబ్బ. ఒళ్ళు కాలిపోతుంది. బిడ్డ మగతగా ఉంటుంది. పిలిస్తే పలకదు. వాంతులు కావచ్చు. ఫిట్స్ రావచ్చు. చెమట ఉన్నా ఉండవచ్చు, లేకపోనూవచ్చు. వెంటనే 108కి ఫోను చేయించండి. బండి వచ్చేదాకా ఊరుకోకండి. నీడలో పడుకోబెట్టండి. బట్టలు తీసేయండి. ఒళ్ళంతా నీళ్ళు పోసి విసరండి. మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో తడిబట్టలు పెట్టండి. తెలివి లేని బిడ్డ నోట్లో నీళ్ళు పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర ఈ వేడిని తగ్గించదు. ఉల్లిపాయ రసం రాస్తామంటారు. దానికోసం ఒక్క నిమిషం కూడా ఆగకండి.

బిడ్డను ఎవరు చూడాలి?

ఇదంతా చదివి ఒక అక్క అడుగుతుంది. "చెప్పడం బాగానే ఉంది. చేలో ఉన్నదాన్ని అరగంటకోసారి నీళ్ళెలా పట్టను? మేస్త్రి ఊరుకుంటాడా?"

నిజమే. ఇది ఒక్క తల్లి వల్ల అయ్యే పని కాదు. అంగన్‌వాడీ ఉంటే అక్కడ వదలడం మొదటి మార్గం. లేకపోతే ముఠాలో పిల్లలున్న తల్లులంతా కలిసి ఒక పెద్దామెను పిల్లల దగ్గర ఉంచండి. ఆమె కూలి అందరూ తలా కాస్త వేసుకోండి. రైతునూ సగం అడగండి. ఇది గొంతెమ్మ కోరిక కాదు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలోనే ఈ మాట రాశారు. పనిచోట ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు, అంతకన్నా ఎక్కువ ఉంటే, వాళ్ళను చూడటానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలన్నారు. మిరప రైతు మీద ఆ చట్టం పనిచేయదు. కానీ న్యాయం ఎక్కడైనా న్యాయమే కదా!

"మేస్త్రీ, ఏప్రిల్ నుంచి ఆరింటికే దిగుతాం. పదకొండింటికి లేస్తాం" అని నలుగురూ కలిసి అడగండి. ఒక్కరు అడిగితే మేస్త్రి వినడు.

పుట్టుకతో పాలలా తెల్లగా ఉండే పిల్లలు

మన 'దొరసాని' లాంటి పిల్లల్లో కొందరికి జుట్టు కూడా తెల్లగా, లేత పసుపుగా ఉంటుంది. కనుబొమలు, కనురెప్పల వెంట్రుకలు కూడా అంతే. వెలుగులో కళ్ళు తెరవలేరు. కళ్ళు అటూ ఇటూ ఆడుతుంటాయి. దీన్ని డాక్టర్లు అల్బినిజం అంటారు. ఇది బొల్లి కాదు. బొల్లి పుట్టిన తర్వాత మచ్చలుగా వస్తుంది. ఇది పుట్టుకతోనే వస్తుంది. వీళ్ళ చర్మం నల్లరంగును దాదాపు తయారుచేయలేదు. అంటే గొడుగే లేదన్నమాట.

ఇలాంటి బిడ్డ పుడితే లోకం తల్లిని అనుమానిస్తుంది. "ఈ బిడ్డ ఎవరికి పుట్టింది?" అంటుంది. ఎంత పాపపు మాట! అసలు సంగతి ఇది. ఈ లోపం తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తుంది. ఎక్కువమందిలో ఇద్దరి పాలూ కలిస్తేనే బిడ్డ ఇలా పుడుతుంది. ఒక్క పాలు ఉన్నవాళ్ళు మామూలుగానే ఉంటారు. వాళ్ళకే తెలియదు. అలాంటి ఇద్దరికి పెళ్ళయితే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. మేనరికంలో ఇద్దరిదీ ఒకే రక్తం కాబట్టి ఈ అవకాశం పెరుగుతుంది. గ్రహణం వల్ల రాదు. కుంకుమపువ్వు తిన్నందువల్ల రాదు. అంటుకునేది కాదు. బిడ్డ తెలివికి ఏ లోటూ ఉండదు.

ఈ పిల్లలకు పైన చెప్పిన బట్ట, టోపీ, క్రీము, నీడ ఒక వేసవికి కాదు, జీవితాంతం కావాలి. చిన్నప్పటి నుంచి పడిన ఎండ అంతా చర్మంలో లెక్క ఉంటుంది. పెద్దయ్యాక చర్మపు కాన్సరు వచ్చే ప్రమాదం వీళ్ళకు ఎక్కువ. మానని పుండు, పెరిగే మచ్చ కనబడితే ఆలస్యం చేయకుండా చూపించాలి.

చూపు కూడా తక్కువగా ఉంటుంది. ఏడాది వయసులోపే కంటి డాక్టరుకు చూపించడం మంచిది. గుంటూరు పెద్దాసుపత్రి ఉంది. విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. అద్దాలు పెడితే కొంత మేలు. నల్లద్దాలు పెడితే వెలుగు బాధ తగ్గుతుంది. చూపు బాగా తక్కువైతే సదరం సర్టిఫికెట్ వస్తుంది. ఎక్కడ పేరు రాయించాలో ఆశా కార్యకర్తను అడగండి.

బడికి పంపేటప్పుడు మొదటి రోజే పంతులమ్మతో మాట్లాడండి. పిల్లను ముందు బెంచీలో, కిటికీ వెలుగు మొహాన పడనిచోట కూర్చోబెట్టమని చెప్పండి. బోర్డు మీద అక్షరాలు పెద్దగా రాయమని అడగండి. ప్రార్థన ఎండలో జరిగితే పాపను వరండాలో నిలబెట్టమనండి. టోపీ మాత్రం తీయించవద్దని గట్టిగా చెప్పి రండి.